ముక్కలుగా అమ్ముడైన ప్రాణం

పదమూడవ ప్రకరణం

పైడికోట తూర్పు వాకిలి ముందు శవాలు పడి ఉన్నాయి.

వాటి పక్కనుంచే పల్లకీలు పోతున్నాయి. బోయీలు పాట ఆపకుండా, శవాలు కాళ్ళకు తగలకుండా తప్పుకుంటూ నడుస్తున్నారు. చచ్చినవాళ్ళంతా పల్లెజనం. ప్రతివాడి గుప్పిట్లోనూ ఒక మట్టిముద్ర ఉంది. ఆ ముద్ర చూపించి మా ఊరి విత్తనాలు మాకివ్వండి అని అడిగారు. వాళ్ళు చేసిన నేరం అదొక్కటే.

ఆ రాజ్యంలో తాతల నాటి ఏర్పాటు ఒకటుంది. దొంగలకూ నిప్పుకూ భయపడి ప్రతి ఊరూ తన విత్తనపు జొన్నలను కోట కింద తవ్విన పాతరలో దాచుకునేది. తొలివాన పడగానే ఊరికొక మనిషి ముద్ర పట్టుకుని వచ్చి, తమ పాతర తెరిపించి, మూటలు మోసుకుపోయేవాడు. నేలలో పదును ఆరకముందే విత్తాలి. ఆరిందంటే ఆ ఏడు పంట లేదు. పంట లేకపోతే ఊరు లేదు.

ఈ ఏడు వాన పడింది. పాతరల మూతలు లేవలేదు. కొనడానికి వచ్చినవాళ్ళకు కోట వాకిలి తెరుచుకుంటోంది. తీసుకుపోవడానికి వచ్చినవాళ్ళకు ఈటెలు ఎదురవుతున్నాయి.

అందుకే రేగళ్ళ ఊరి సేద్యగత్తె చెంగల్వ ఇప్పుడు పట్టుచీర కట్టి, ముత్యాలదీవి వర్తకురాలి వేషంలో పల్లకీ ఎక్కింది. పక్కన నడుస్తున్న ఆమె గుమాస్తా అసలు గుమాస్తా కాదు. మాంత్రికుడు శుష్కనేత్రుడు అడవులపాలు చేసిన ఈ దేశపు రాజకుమారుడు ఉదయభద్రుడు. నిలువెత్తు మనిషి. ముఖాన మేకవెంట్రుకల గడ్డం.

"గడ్డం గీరుకోవాకు రాజుబాబూ, ఊడొస్తాది" అంది చెంగల్వ తెర చాటునుంచి.

"చచ్చేంత దురదగా ఉంది!"

"మేకకు ల్యాని దురద నీకేంటికి?"

కాపలావాడు తెర ఎత్తాడు. చెంగల్వ మెళ్ళో ముత్యాలను చూశాడు, మొహం చూడలేదు. ఈటె దించి వంగి దండం పెట్టాడు. పల్లకీ లోపలికి పోయింది.

నగరం నడిబొడ్డున గవ్వల చావడి. చంద్రకాంత శిలల స్తంభాలు, స్తంభాలకు పగడపు తీగలు, తీగలకు పచ్చల ఆకులు, ఆకుల మీద వజ్రాల మంచుబిందువులు. నేలంతా అద్దం. ఆ అద్దంలో కప్పు కనిపిస్తుంది. కప్పునిండా బంగారు గొలుసులకు మట్టిచిలకలు వేలాడుతున్నాయి. పాతరకొక చిలక. ప్రతి చిలకకూ ఒక ఊరిపేరు. ఒక బేరం తెగగానే ఆ చిలక తన ఊరిపేరూ కొత్త ధరా అరుస్తుంది. అరిచినప్పుడల్లా దాని ఒంటి మీద బంగారు పొర ఒకటి మందమవుతుంది. పన్నీరు పూసుకున్న మనుషులు మెడలెత్తి ఆ అరుపులు వింటూ, గవ్వలు విసురుతూ, ఒకరి మీద ఒకరు పడుతున్నారు.

అక్కడ ఎవడూ జొన్నలు కొనడం లేదు. జొన్న ధర పెరుగుతుందన్న ఆశను ఒకడు కొంటున్నాడు. ఆ ఆశను ఎక్కువకు అమ్మవచ్చన్న ఆశను ఇంకొకడు కొంటున్నాడు. వాళ్ళిద్దరూ మునుగుతారని మూడోవాడు పందెం కాస్తున్నాడు. ఆ పందెం కొనడానికి నాలుగోవాడు బయట వరసలో నిలబడ్డాడు. ఇంతమందిలో ఒక్కడి గోళ్ళలోనూ మట్టి లేదు. ఇంత సొమ్మూ ఎక్కడినుంచి వస్తోందని అడిగినవాడూ లేడు.

బేరగాళ్ళ పెద్ద గరటయ్య ముత్యాల వాసన పట్టి పరుగున వచ్చాడు. చేతివేళ్ళకు ఉంగరాలు ఎక్కువై పిడికిలి ముడవలేని మనిషి.

"దయచెయ్యండి తల్లీ! ఏ చిలక కావాలి? నల్లమాడు తీసుకోండి, పొద్దున్నుంచి ఎగురుతోంది."

"రేగళ్ళ" అన్నాడు ఉదయభద్రుడు.

"ఆహా, ఏం చూపు! కొనేసి మీరు పల్లకీ ఎక్కేలోపు సగానికి సగం లాభం." గరటయ్య గొంతు తగ్గించాడు. "ఆ ఊరివాళ్ళు ఆకలికి మాడుతున్నారట. విత్తకపోతే వచ్చే ఏడు జొన్న ఉండదు. ఉండకపోతే ధర ఆకాశానికి! మీ అదృష్టం."

చెంగల్వ పళ్ళు బిగించింది. వాళ్ళు వేసుకొచ్చిన ఎత్తు ఒకటే. చిలకను కొంటారు. కొన్నవాళ్ళే సొంతదారులు. సొంతదారులుగా పాతర తెరిపించి, విత్తనం తీసుకుని పోతారు. ముత్యాలు ఇచ్చేశారు. గరటయ్య చిలకను దించి ఆమె చేతికి అందించాడు. పని అయిపోయింది. నోరు మూసుకుని వెనక్కి తిరిగితే చాలు.

కానీ ఆమె సేద్యగత్తె. బేరం ముగిసినప్పుడు సేద్యగాళ్ళు చేసే పని ఆమె చెయ్యి దానంతటదే చేసింది. అరచెయ్యి గుంటలా చేసి ముందుకు చాపింది.

"మచ్చు ఏది?" అంది.

గరటయ్య కళ్ళు చిట్లించాడు. "ఏమిటమ్మా?"

"మచ్చు. రెండు గింజలు సూపీ. పంటి కింద ఏసుకోకుండా ఎట్ల కొంటాం?"

గవ్వలు ఎవరి చేతుల్లో వాళ్ళకు ఆగిపోయాయి. గొలుసుల మీద చిలకలు కూడా నోళ్ళు మూశాయి. గరటయ్య మొహంలో రక్తం ఇంకిపోయింది.

"ఈ గుమ్మంలో నేను ముసలాణ్ణయ్యాను" అన్నాడు మెల్లగా. "గింజ చూపించమని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు." ఆ తర్వాత గొంతు చించుకున్నాడు. "పల్లెది! పట్టుకోండి! పల్లెది వచ్చింది, గింజ అడుగుతోంది!"

ఆ మాట నిప్పులా పాకింది. గింజ అడిగారట. ఎందుకు అడిగారు? లోపల గింజ లేదా? ఉంటే ఎవరైనా చూశారా? ఎవడూ చూడలేదు! ఒక్కసారిగా అందరూ అమ్మడానికి పరుగెత్తారు. కొనేవాడు లేడు. చిలకల ఒంటి మీది బంగారం పెచ్చులు పెచ్చులుగా రాలింది. ఒకడు రాలిన పెచ్చులు నోట్లో కుక్కుకుంటున్నాడు. ఇంకొకడు చంద్రకాంత స్తంభానికి తల బాదుకుంటున్నాడు, నెత్తురు కళ్ళలోకి కారుతున్నా ఆపకుండా.

"శభాష్!" అన్నాడు ఉదయభద్రుడు కత్తి దూస్తూ. "సేనతో వచ్చినా ఇంత విధ్వంసం చెయ్యలేకపోయేవాణ్ణి."

"ఎగతాళి తర్వాత సేద్దువు. దావ యాడుంది?"

చావడి మూలనున్న సింహపీఠం కింద పాత నీటితూము ఉంది. చిన్నతనంలో అందులో దాక్కున్నవాడు ఉదయభద్రుడు. ఇద్దరు భటులను తన్ని, మూడోవాడి దివిటీ లాక్కుని, చెంగల్వ చెయ్యిపట్టి తూములో దూకాడు. నాచు మీద జారుకుంటూ చీకట్లోకి పడ్డారు.

అదొక పాతాళపురం. కనుచూపు మేర బావుల్లాంటి పాతరలు. నోళ్ళ మీద రాతిమూతలు, మూతల మీద ఊళ్ళ ముద్రలు. వెనకనే భటులు దిగారు. ఉదయభద్రుడు ఒక మూతను తన్ని పక్కకు జరిపి, చెంగల్వను లాగి స్తంభం వెనక నక్కాడు.

"ఇందులో దాక్కున్నారు!" అని నలుగురు భటులు ఆ పాతరలోకి దూకారు. చప్పుడు వచ్చింది. ఆ తర్వాత ఏ చప్పుడూ రాలేదు. నెలల తరబడి మూసిన పాతరలో గాలి చచ్చి ఉంటుంది. పల్లెజనం తెరుస్తుంటే చూడడమే తప్ప తాము ఎన్నడూ పాతర దిగి ఎరగని భటులకు ఆ సంగతి ఎవరు చెబుతారు? పైన మిగిలినవాళ్ళు తొంగిచూసి కేకలు పెట్టుకుంటూ వెనక్కి పారిపోయారు.

రేగళ్ళ ముద్ర దొరికింది. మూత జరిపారు. ఉదయభద్రుడు గడ్డం పీకేసి, దివిటీతో అంటించి కత్తిమొనతో లోపలికి వేలాడదీశాడు. మేకవెంట్రుకలు చిటపటలాడుతూ మండుతూనే ఉన్నాయి.

"గాలి ఆడుతోంది. ఎక్కడో గోడ పగిలింది. దిగు."

పాతర నిండుగా ఉంది. చెంగల్వ ప్రాణం లేచొచ్చి చెయ్యి ముంచింది. చెయ్యి మోచేతి దాకా దిగింది, భుజం దాకా దిగింది. గింజ అడ్డుపడలేదు. పిడికిలి తెరిచి చూస్తే పొట్టు. పైకి గింజ ఆకారమే, లోపల ఏమీ లేదు. ఊదితే ఎగిరిపోయింది. ఆ పొట్టునిండా తెల్లటి చెట్టువేళ్ళు, ముసలమ్మ తలవెంట్రుకల్లాంటివి, గోడ పగులులోంచి వచ్చి అల్లుకుని ఉన్నాయి. పైన ఎక్కడో చిలక అరిచింది. వేళ్ళన్నీ ఒక్కసారి గుటక వేశాయి.

"మా ఊరిని తింటాండాయి" అంది చెంగల్వ.

అంతలోనే ఆమె పొట్టును దొర్లించుకుంటూ అడుక్కి దిగింది. రేగళ్ళ ఆడవాళ్ళు మేలైన కంకులను ఏరి, గింజలను బూడిదతో కలిపి బానల్లో పోసి పాతర అడుగున పెడతారు. బానలు అక్కడే ఉన్నాయి. వేళ్ళు వాటిని చుట్టుకున్నాయి గానీ బూడిద ఘాటుకు లోపలికి పోలేదు. చెంగల్వ మూత తీసి రెండు గింజలు పంటి కింద వేసింది. టప్పున విరిగాయి. మూడు నెలలుగా నవ్వని మనిషి నవ్వింది. ఒంటి మీది పట్టుచీర పైటను చింపి మూటలు కట్టింది.

చివరి బానను కదిలించగానే వేళ్ళు మేలుకున్నాయి. కొరడాల్లా లేచి ఇద్దరి నడుములకూ చుట్టుకుని గోడ పగులులోంచి ఈడ్చుకుపోయాయి. రాళ్ళు ఒళ్ళు చీరాయి. చెంగల్వ మూటలు వదల్లేదు.

ఈడ్పు ఆగినచోట పెద్ద గుహ. అన్ని పాతరల వేళ్ళూ అక్కడికే వస్తున్నాయి. నడుమ వజ్రాసనం మీద శుష్కనేత్రుడు. కళ్ళలో తడిలేదు, రెప్పలు లేవు. వేళ్ళన్నీ అతని వీపులోంచే మొలిచాయి. మామిడికొమ్మ మీద బదనికను చూసినవాడికి ఇది అర్థమవుతుంది. బదనికకు నేలలో వేరుండదు. కొమ్మ రసం తాగి పచ్చగా నవనవలాడుతుంది. దూరంనుంచి చూసినవాడు చెట్టు ఏపుగా ఉందనుకుంటాడు. కొమ్మ ఎండిన రోజున గానీ నిజం తెలియదు.

ఉదయభద్రుడు నడుముకు చుట్టుకున్న వేళ్ళను నరికి, ఎగిరి, కత్తిని మాంత్రికుడి కంఠానికి గురిపెట్టి ఒక్క వేటు వేశాడు. శుష్కనేత్రుడు చెయ్యి అడ్డుపెట్టాడు. చిటికెనవేలు తెగి కిందపడింది.

కిందపడింది ఒక్క వేలే కాదు. ఉదయభద్రుడూ గుండె పట్టుకుని కూలబడ్డాడు. అప్పుడే గుహ వాకిట్లోకి వచ్చిన భటులందరూ రొమ్ము పట్టుకుని మూలిగారు. పైన నగరంలో వేలమంది ఒకేసారి కెవ్వుమన్న కేక రాతిలోంచి వినిపించింది.

మాంత్రికుడు నవ్వాడు. ఎండుటాకులు నలిపినట్టుంది ఆ నవ్వు.

"ఏడు సముద్రాల అవతల చిలకలో నా ప్రాణం ఉందనుకున్నావా కుర్రవాడా? అది పాతకాలపు మాంత్రికుల తెలివితక్కువ. ఒకచోట దాచిపెడితే ఎవడో ఒక సాహసి వచ్చి పీక నులుముతాడు. నేను దాచలేదు. ముక్కలు చేసి పూసల్లో పెట్టి అమ్మేశాను. ఈ నగరంలో నా ముక్క లేని మెడ లేదు. నీ మెళ్ళో తాయెత్తు విప్పి చూడు. నువ్వు పుట్టిన రోజున మీ అమ్మ మురిసిపోయి కొన్నది."

ఉదయభద్రుడు తాయెత్తు పగలదీశాడు. లోపల తెల్లటి పూస, గుండెతో పాటు కొట్టుకుంటోంది.

"నన్ను చంపితే నగరం చస్తుంది. అందుకని నగరమే నాకు కాపలా కాస్తుంది. జీతం కూడా ఇవ్వనక్కర్లేదు. పట్టుకోండి!"

భటులు చుట్టుముట్టారు. ముందు నిలబడ్డ నెరసిన మీసాల భటుడు ఈటె ఎత్తి, ఎత్తినవాడు ఎత్తినట్టే ఆగిపోయాడు.

"పాపా! చెంగల్వా! నువ్వేంటికొచ్చినావే ఈడికి?"

చెంగల్వకు మేనమామ. ఓబులు. కోట కొలువుకని ఊరు విడిచి, మళ్ళీ ఊరి మొహం చూడని మనిషి.

"విత్తనానికొచ్చినా మామా."

"మూటలు ఆడ పెట్టి పో తల్లీ. నిన్ను నేను పంపిస్తా. ఆయన్ను ముట్టుకోవాకండి. నా ముసలితనమంతా ఈ పూసలోనే ఉంది. కొలువు సేసి సంపాదించిందంతా దీంట్లోనే పెట్టినా."

"నీ చెల్లెలు ఏం తింటాందో అడగవా మామా?"

ఓబులు ఎత్తిన ఈటె దించాడు.

"రేగిగింజలు దంచి కాసుకుంటాంది. అది గూడా దొరకని దినం నీళ్ళు తాగి పండుకుంటాంది. పాతరకు పంపేనాడు ఈ బానల్లో గింజ మాత్రం ఒక్కటి గూడా ముట్టనీలా, ఇది విత్తనమని. మా అన్న కోటలో ఉండాడు, మన పాతరకు భయంల్యా అని ఊరందరికీ సెప్తాంది."

శుష్కనేత్రుడు విసుగ్గా చెయ్యి ఊపాడు. "ఓబులూ, ఏడుపులు తర్వాత. నీ పూసకు మేత ఏ పాతరనుంచి వస్తుందో తెలుసా? రేగళ్ళ. ఆ మూటలు పోతే నీ పూస ఆరిపోతుంది. నీ ముసలితనం నువ్వే కాపాడుకో."

బెదిరించడానికి అన్నాడు. ఆ మాటే తప్పయింది.

ఓబులు పూసను మెళ్ళోంచి తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. పాలగింజలా నిగనిగలాడుతోంది. "అట్లనా" అన్నాడు. "ఇన్నాళ్ళూ నేను దినింది మా సెల్లెలి తట్టలోదా?" తోటి భటుల వైపు తిరిగాడు. "మీవి ఏ ఊర్లవిరా? అడిగినారా ఎప్పుడన్నా?"

"మామా, వొద్దు!"

"పో పాపా. పదును ఆరిపోతాది."

పూసను రాతి మీద పెట్టి ఈటె మడమతో ఒక్క పోటు పొడిచాడు. పూస పగిలింది. ఓబులు మోకాళ్ళ మీద కూలి, చెల్లెలి పేరు సగం పలికి, ప్రాణం వదిలాడు. ఆ క్షణమే రేగళ్ళ వేళ్ళన్నీ గడ్డిపోచల్లా వాడి రాలాయి. శుష్కనేత్రుడి కుడిచెయ్యి భుజం దాకా ఎండి పుల్లయింది. మొదటిసారి అతను అరిచాడు.

భటులు అది చూశారు. ఒక్కడు పగలగొడితే ఒక చెయ్యి ఎండింది. అందరూ పగలగొడితే ఏమవుతుందో చెప్పడానికి పండితుడు అక్కర్లేదు. ప్రతివాడూ పక్కవాడి మొహం చూశాడు, ముందు వాడు తీస్తాడేమోనని. ఎవడూ తియ్యలేదు. ఒక్కొక్కడే పూసను గుప్పిట బిగించి, రెండో చేత్తో ఈటె ఎత్తాడు.

ఉదయభద్రుడు తన పూసను రాతి మీద పెట్టాడు. చెంగల్వ ఆ చేతిని ఒక్క తన్ను తన్నింది.

"ఇప్పుడు సావాకు. మూటలు మోసేదానికి మనిషి కావాల."

రాలిపోయిన వేళ్ళు విడిచిన దారి గోడలో సొరంగంలా తెరుచుకుని ఉంది. ఇద్దరూ మూటలతో అందులో దూరారు. వెనకనుంచి వచ్చిన ఈటె ఉదయభద్రుడి తొడలో దిగింది. దాన్ని విరిచి పారేసి పాకాడు. అగడ్త కిందుగా, బురదలో, ఊపిరాడని ఇరుకులో పాకి పాకి, నల్లరేగడి చేలో తల బయటపెట్టారు.

మిట్టమధ్యాహ్నం. ఎండ మండుతోంది. పడమటి గాలి లేచింది. చెంగల్వ వంగి మట్టి పిడికెడు తీసి నొక్కింది. ఉండ కట్టింది గానీ అంచులు విరిగాయి.

"రేపు సాయంత్రానికి ఆరిపోతాది. లెయ్యి రాజుబాబూ."

అప్పుడు వెనక జాతరలాంటి గోల వినిపించింది. తిరిగి చూశారు. కోటగోడ మీద నగరమంతా నిలబడి ఉంది. పన్నీటి మనుషులు, పట్టుబట్టలు, గొడుగులు. ఇందాక తల బాదుకున్నవాడు నెత్తికి గుడ్డ చుట్టుకుని ముందు వరసలో ఉన్నాడు. నడుమ బురుజెక్కి గరటయ్య చేతులూపుతూ అరుస్తున్నాడు.

"రేగళ్ళ విత్తనం! చేరుతుందనేవాళ్ళు ఇటు! చేరదనేవాళ్ళు అటు! కొనండి, కొనండి!"

గవ్వలు వానలా పడుతున్నాయి. ఉదయభద్రుడి కళ్ళు ఆ గుంపులో ఒక తెల్లగొడుగు కింద ఆగాయి. అక్కడ అతని తండ్రి, ఆ దేశపు రాజు, కొడుకు గాయాన్ని దూరంనుంచి అంచనా కట్టి, చేరదు వైపు చెయ్యెత్తాడు.

కోట వాకిళ్ళు తెరుచుకున్నాయి. శవాలను తొక్కుకుంటూ రెండు దండులు బయటికి వచ్చాయి. ఎర్ర తలపాగాలవాళ్ళు ఈటెలు చాచి దూసుకొస్తున్నారు. ఆకుపచ్చ తలపాగాలవాళ్ళు వాళ్ళకు అడ్డం పడి కొడుతున్నారు.

"పచ్చతలపాగాలు మనవైపు" అన్నాడు ఉదయభద్రుడు కుంటుతూ లేచి. "మనం చేరతామని పందెం కాసినవాళ్ళ మనుషులు. మనల్ని కాపాడతారు."

"ఎంతసేపు?"

"ధర తిరగబడేదాకా."

చెంగల్వ మూటను తలకెత్తుకుంది. రెండోది అతని భుజాన వేసింది. రేగళ్ళ వైపు పరుగు తీశారు. నల్లమన్ను కాళ్ళకు అంటుకుంటోంది, ఒక్కో అడుగూ బరువవుతోంది. పచ్చతలపాగాలు ఇరుపక్కలా గుర్రాలు దౌడు తీయిస్తూ కంచెలా చుట్టుకున్నారు. వాళ్ళ నాయకుడు చెంగల్వను చూసి పళ్ళికిలించి, "పరుగెత్తు అక్కా, పరుగెత్తు! నా ఇల్లు నీ కాళ్ళ మీద ఉంది" అన్నాడు.

తొడనుంచి నెత్తురు కారి, ఉదయభద్రుడు ముందుకు తూలి మోకాళ్ళ మీద పడ్డాడు.

కోటగోడ మీద వేల గొంతులు ఒక్కసారి హోరెత్తాయి. గరటయ్య కేక చేరదు వైపుకు మారింది. పచ్చతలపాగాల నాయకుడు జీను మీద వెనక్కి తిరిగి ఆ కేక విన్నాడు. తలపాగా తీసి నేలకేసి కొట్టి, కత్తి దూశాడు.

చెంగల్వ ఒక చేత్తో మూటను పట్టుకుని, రెండో చేత్తో రాజకుమారుడి నడుమున ఉన్న కత్తిని లాగింది.